పిల్లలు వింటున్నారా, ఊరికే కూర్చున్నారా? ప్రాథమిక తరగతిని మనమే పరిశీలించుకునే పద్ధతి

మూడో తరగతికి భాగహారం చెబుతున్న రోజులవి. నలభై నిమిషాల పీరియడులో ఒక్కరూ గొడవ చేయలేదు. బోర్డు మీద నేను వేసిన ప్రతి లెక్కా ముప్పై నాలుగు నోటు పుస్తకాల్లోకి ముత్యాల్లాంటి అంకెలతో చేరింది. "అర్థమైందా?" అని అడిగితే "అర్థమైందీ" అని అందరూ ఒకే గొంతుతో రాగం తీశారు. ఆ సాయంత్రం చాలా తృప్తిగా ఇంటికి వెళ్లాను. మర్నాడు పన్నెండు గింజలు బల్ల మీద పోసి, "వీటిని ముగ్గురికి సమానంగా పంచండి" అన్నాను. సగానికి పైగా పిల్లలు గింజల వంక చూడకుండా నా ముఖం వంక చూశారు. ముందు రోజు వాళ్లు లెక్కలు చేయలేదు, లెక్కల బొమ్మలు దించుకున్నారు. వాళ్ల అణకువను చూసి నేను చదువనుకున్నాను.

మౌనం అర్ధాంగీకారం అని పెద్దలన్నారు గాని, ఎనిమిదేళ్ల పిల్లల మౌనానికి ఆ అర్థం చెప్పుకోలేం. భయం కావచ్చు, విసుగు కావచ్చు, నిద్ర కావచ్చు, లోతైన ఆలోచన కూడా కావచ్చు. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆ తర్వాత నుంచి నా తరగతిని నేనే పరిశీలించుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే ఎవరైనా ఈ పని చేయవచ్చు. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, శబ్దం రికార్డు చేయగల ఫోను ఉంటే చాలు.

అయితే జ్ఞాపకాన్ని నమ్ముకుని ఈ పని మొదలుపెట్టకండి. పాఠం బాగా జరిగిందనుకున్న రోజు మనకు గుర్తుండేది ఉత్సాహంగా చేతులెత్తిన ఆరుగురే. బాగా జరగలేదనుకున్న రోజు గుర్తుండేది గొడవ చేసిన ఇద్దరే. మిగతావాళ్లు ఏం చేశారో రెండు రోజుల్లోనూ తెలియదు. కాబట్టి ముందు లెక్కపెట్టాలి, రాసుకోవాలి. ఆలోచన ఆ తర్వాత.

ఏం చూడాలో తేల్చుకోవడం

"పిల్లలు పాఠంలో లీనమవుతున్నారా?" అన్న ప్రశ్న చాలా పెద్దది. 2004లో ఫ్రెడరిక్స్, బ్లుమెన్‌ఫెల్డ్, పారిస్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఈ లీనమవడాన్ని మూడు పొరలుగా విడదీశారు. మొదటిది చేతల్లో కనిపించేది: పుస్తకం తెరవడం, పని మొదలుపెట్టడం, అడిగితే జవాబివ్వడం. రెండోది మనసులో ఉండేది: ఆసక్తి, ఇష్టం, ఈ తరగతి నాది అన్న భావన. మూడోది ఆలోచనలో జరిగేది: ఎందుకిలా అని ప్రశ్నించుకోవడం, కష్టమైన లెక్క దగ్గర ఇంకో దారి వెతకడం. నా భాగహారం తరగతిలో మొదటి పొర నిండుగా ఉంది. మూడోది దాదాపు ఖాళీ. మనలో చాలామంది మొదటి పొరను చూసి మిగతా రెండూ ఉన్నాయనుకుంటాం.

తరగతి సంస్కృతి అన్న మాట ఇంకా పెద్దదిగా వినిపిస్తుంది గాని, దాన్ని పట్టుకోవడానికి మూడు సందర్భాలు చాలు. ఒకరు తప్పు జవాబు చెప్పినప్పుడు మిగతావాళ్లు ఏం చేస్తారు? టీచరు రెండు నిమిషాలు గుమ్మం దాకా వెళ్లి వచ్చేలోగా గదిలో ఏం జరుగుతుంది? కొత్తగా చేరిన పిల్ల విరామ సమయంలో ఎవరి పక్కకు చేరుతుంది? గోడ మీద రంగు కాగితాలతో అంటించిన నియమాలకంటే ఈ మూడింటి జవాబులే ఆ గది ఎలాంటిదో చెబుతాయి.

మొదటి అడుగు: వారానికి ఒకే ప్రశ్న

ఆదివారం సాయంత్రం నోటు పుస్తకంలో ఒకే ఒక్క ప్రశ్న రాసుకోండి. దానికి లెక్కపెట్టగలిగిన జవాబు ఉండాలి. "నా పిల్లలు చురుగ్గా ఉన్నారా?" అని రాసుకుంటే వారం గడిచినా ఏమీ తేలదు. "ఈ వారం పరిసరాల విజ్ఞానం పీరియడులో కనీసం ఒక్కసారైనా నోరు విప్పినవాళ్లు ఎంతమంది?" అంటే తేలుతుంది. "బోర్డు మీద పని రాసిన తర్వాత పిల్లలు మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతోంది?", "తప్పు జవాబు వచ్చినప్పుడు నేను అనే మొదటి మాట ఏమిటి?" లాంటివి కూడా మంచి ప్రశ్నలే. అన్ని పీరియడులూ చూడాలనుకోవద్దు. ఒక సబ్జెక్టు, వారంలో రెండు లేదా మూడు పూటలు, ఒక్కోసారి పావుగంట. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మూడో వారానికి ఆ పుస్తకం అలమరలోకి వెళ్లిపోతుంది.

రెండో అడుగు: కూర్చునే పటం

ఈ మార్గదర్శిలో ఒక్క పద్ధతే పాటించే వీలుంటే ఇది పాటించండి. ఒక కాగితం మీద తరగతి పటం గీయండి. బోర్డు ఎక్కడ, తలుపు ఎక్కడ, ఏ బెంచీలో ఎవరు. ప్రతి పిల్లకూ ఒక చిన్న గడి. దాన్ని అట్టకు పెట్టుకుని చేతిలో ఉంచుకోండి. మీరు పేరు పెట్టి అడిగి, పిల్ల జవాబు చెబితే ఆ గడిలో నిలువు గీత. తనంతట తాను చేయెత్తి చెబితే చుక్క. పిల్లే మిమ్మల్ని ఏదైనా ప్రశ్న అడిగితే సున్నా. బయటికి వెళ్లనివ్వమనో, పెన్సిలు విరిగిందనో అడిగితే అది లెక్కలోకి రాదు. పాఠం చెబుతూ గుర్తులు వేయడం మొదట్లో చేయి తిరగదు. మూడో రోజుకు అలవాటవుతుంది. అప్పటికీ కుదరకపోతే పీరియడు చివరి పది నిమిషాలకే పరిమితం చేసుకోండి.

వారం చివర ఆ కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి. నా మొదటి పటంలో ముందు రెండు వరుసలు, మధ్య దారికి ఇరువైపులా ఉన్న బెంచీలు గుర్తులతో నిండిపోయాయి. వెనక మూలలు తెల్లగా మిగిలాయి. ఇది నా ఒక్క గదిలో జరిగిన వింత కాదని తర్వాత తెలిసింది. 1970లో ఆడమ్స్, బిడిల్ అనే పరిశోధకులు తరగతి గదులను చిత్రీకరించి చూసి, మాటల రాకపోకలన్నీ ముందు భాగంలోనూ, నడిమి వరుస వెంబడీ గుమిగూడుతున్నాయని గమనించారు. టీచరు ఎక్కడ నిలబడితే మాట అక్కడ పోగవుతుందన్నమాట. మీరు ఒక పూట పాఠమంతా వెనక గోడకు ఆనుకుని చెప్పి పటం వేయండి. గుర్తులు చోటు మారతాయి. కొందరు పిల్లలు ఆ రోజే మొదటిసారి మాట్లాడతారు.

పటంలో ఇంకో విషయం వెతకండి. చుక్కలు ఎవరివి? గీతలు ఎవరివి? అబ్బాయిల గడులు, అమ్మాయిల గడులు విడివిడిగా లెక్కపెట్టండి. సున్నాలు ఎన్ని? వారమంతా కలిపి నా తరగతిలో వచ్చిన సున్నాలు రెండే. ముప్పై నాలుగు మంది పిల్లలకు వారంలో రెండే సందేహాలు కలిగాయంటే నమ్మలేం. అడగడానికి వీల్లేని గదిగా నా తరగతి ఉందనేదే దాని అర్థం. నన్ను బాగా కలవరపెట్టిన అంకె అదే. ఏ పరీక్ష ఫలితమూ అంతగా కలవరపెట్టలేదు.

ఈ పటాన్ని పిల్లలకు కనిపించేలా గోడకు అంటించవద్దు, మార్కులుగా మార్చవద్దు. ఎవరికి ఎన్ని చుక్కలు అనే పోటీ మొదలైతే పిల్లలు చుక్కల కోసం మాట్లాడతారు. పటం చెప్పేది మీ గురించి.

మూడో అడుగు: మన గొంతు మనమే వినడం

ఫోనును బల్ల మీద పెట్టి పదిహేను నిమిషాల పాఠాన్ని రికార్డు చేయండి. ముందుగా ప్రధానోపాధ్యాయులకు చెప్పండి, పిల్లలకూ చెప్పండి: "నేను ఎలా చెబుతున్నానో వినడానికి రికార్డు చేసుకుంటున్నాను." పని అయిపోగానే దాన్ని చెరిపేయండి. ఎవరికీ పంపవద్దు. వీడియో అవసరం లేదు. మాట వింటే చాలు.

మొదట వినవలసింది నిశ్శబ్దాన్ని. ప్రశ్న అడిగాక మీరు ఎన్ని సెకన్లు ఆగారు? మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త అనేక తరగతుల రికార్డులు విని, టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970 దశకంలో రాశారు. ఆ వ్యవధిలో జవాబు రాకపోతే ప్రశ్నను మార్చేస్తారు, ఇంకొకరిని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు, అంతకు కాస్త పైకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా నిలబడిపోవడం తగ్గింది, వెనకబడ్డారని పేరున్న పిల్లలు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె గమనించినదాంట్లో మరో చేదు నిజం ఉంది. బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగుతున్నారు, చదవలేరనుకున్న పిల్లల కోసం తక్కువసేపు. ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్లకే తక్కువ దక్కుతోంది.

మూడు సెకన్లు వినడానికి చిన్నదే గాని, ముప్పై జతల కళ్ల ముందు నిలబడి ఆగడం చాలా కష్టం. నేను బల్ల కింద చేతివేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటూ ఆగడం నేర్చుకున్నాను. జవాబు వచ్చిన తర్వాత కూడా వెంటనే "మంచిది" అనకుండా అంతే సేపు ఆగి చూడండి. పిల్ల తన మాటను తానే పొడిగిస్తుంది, లేదా పక్కవాడు అందుకుంటాడు. ఈ రెండో విరామం విలువ చాలామందికి తెలియదు.

తర్వాత, మాట్లాడింది ఎవరో లెక్కపెట్టండి. నెడ్ ఫ్లాండర్స్ అనే అమెరికన్ పరిశోధకుడు మూడు సెకన్లకొకసారి తరగతిలో ఏం జరుగుతోందో నమోదు చేసే పద్ధతి తయారుచేశారు. తరగతి సమయంలో మూడింట రెండు వంతులు ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు, ఆ మాటల్లో మూడింట రెండు వంతులు టీచరువే అని ఆయన తేల్చారు. మీ పదిహేను నిమిషాల్లో మీ వాటా ఎంతో గడియారం పెట్టుకుని చూడండి. టీచరు మాట్లాడటం తప్పేమీ కాదు. కథ చెబుతుంటే, కొత్త భావన వివరిస్తుంటే మనమే మాట్లాడాలి. కానీ చర్చ అని రాసుకున్న పాఠంలో కూడా మన గొంతే వినిపిస్తుంటే అది చర్చ కాదు.

ఇక ప్రశ్నల సంగతి. రికార్డు వింటూ మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాయండి. ఒక్క మాటతో జవాబు చెప్పగలిగినవి ఎన్ని, పిల్లలు తమ ఆలోచన చెప్పాల్సినవి ఎన్ని? "మొక్కకు ఆహారం ఎక్కడ తయారవుతుంది?" అంటే "ఆకులో" అని కోరస్ వస్తుంది. "ఆకులన్నీ తుంచేస్తే ఈ మొక్క ఏమవుతుందనుకుంటున్నారు, ఎందుకు?" అంటే గది కాసేపు నిశ్శబ్దమై, తర్వాత నాలుగు రకాల జవాబులు వస్తాయి. రెండూ కావాలి. రికార్డులో రెండో రకం ఒక్కటి కూడా లేకపోతే రేపటి పాఠంలో రెండు ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లండి. అప్పటికప్పుడు తట్టవు.

"అర్థమైందా?" అన్న ప్రశ్నను మాత్రం లెక్కలో పెట్టకండి. అది పిల్లలు "ఆ" అనడానికి మనమే నేర్పిన పాట.

నాలుగో అడుగు: ఒక్క పిల్లను పది నిమిషాలు చూడటం

పిల్లలు తమ పని చేసుకుంటున్న వేళ ఎంచుకోండి. పటంలో గడి ఖాళీగా ఉన్న ఒక పిల్లను మాత్రమే, తనకు తెలియకుండా, పది నిమిషాలు చూడండి. నిమిషానికి ఒక వాక్యం రాయండి. కళ్లకు కనిపించింది మాత్రమే రాయాలి. "శ్రద్ధ లేదు" అని రాయకూడదు. "పక్క పిల్ల పుస్తకంలోకి మూడుసార్లు చూసింది. రబ్బరుతో చెరిపింది. మళ్లీ అదే అంకె రాసింది. చేయి సగం ఎత్తి దించేసింది" అని రాయాలి.

కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి గురించి నేను అలా రాసిన కాగితం ఇంకా దాచుకున్నాను. రెండు నెలలుగా ఆమె "మందకొడి" అనుకున్నాను. ఆ పది నిమిషాల్లో ఆమె బోర్డు చూడలేదు. పక్కమ్మాయి పుస్తకం చూసి రాస్తోంది. కళ్లు చికిలిస్తోంది. ముందు బెంచీకి మార్చాను. కంటి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పాను. కళ్లజోడు వచ్చిన నెలకు ఆమె గడిలో చుక్కలు మొదలయ్యాయి. ఆమెకు కావలసింది నా బోధనా పద్ధతుల్లో మార్పు కాదు, కళ్లజోడు. పాఠంలో లీనం కాని ప్రతి పిల్ల విషయంలోనూ ముందుగా కళ్లు, చెవులు, నిద్ర, ఆకలి చూడండి. ఇంట్లో మాట్లాడే భాష, బడిలో వాడే భాష వేరైతే అది కూడా చూడండి. ఆ పిల్లలు చాలాకాలం మౌనంగా వింటూ మాటలు కూడబెట్టుకుంటారు. ఆ మౌనాన్ని తొందరపెట్టకూడదు.

సిగ్గరి పిల్లల గురించి కూడా ఒక మాట. చేయెత్తని ప్రతి పిల్లా వెనకబడినట్టు కాదు. నోరు విప్పకుండానే పాఠమంతా మనసులో నడిపించుకునే పిల్లలుంటారు. వాళ్ల నోటు పుస్తకం చూడండి, ఒంటరిగా ఉన్నప్పుడు పలకరించండి. అందరి ముందు నిలబెట్టి మాట్లాడిస్తే ధైర్యం వస్తుందన్న నమ్మకం నాకు లేదు. చాలామందిలో అది భయాన్నే పెంచడం చూశాను.

ఐదో అడుగు: పిల్లలనే అడగడం

ఆ గదిలో రోజంతా ఉండేది వాళ్లు. అయినా వాళ్లను అడగడం మనకు చివరికి గాని తోచదు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు చిన్న చీటీలు ఇవ్వండి. పేరు రాయనక్కర్లేదు. రెండు లేదా మూడు ప్రశ్నలు చాలు: "ఈ వారం ఏ పని చేస్తున్నప్పుడు సమయం తెలియలేదు?", "ఎప్పుడు విసుగనిపించింది?", "మన తరగతిలో నీకు భయమనిపించే సందర్భం ఏమైనా ఉందా?" చీటీలు మడిచి డబ్బాలో వేయమనండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు రాత కష్టం కాబట్టి బొమ్మ గీయమనండి: "మన తరగతి గదిని గీయి, అందులో నువ్వెక్కడున్నావో చూపించు." గీశాక పక్కన కూర్చుని బొమ్మ గురించి చెప్పమనండి. బొమ్మకు మనంతట మనం అర్థాలు తీయకూడదు. ఒక పిల్ల టీచరును తలుపంత ఎత్తున గీసింది. నేను గాభరా పడ్డాను. అడిగితే, కాగితంలో పైన చోటు మిగిలిందని చెప్పింది.

చీటీల్లో మనసు నొప్పించే మాటలు రావచ్చు. "టీచరు వాళ్లనే అడుగుతారు" అని నాకు వచ్చింది. రాసిందెవరో చేతిరాత పట్టి కనిపెట్టాలని చూడకండి. ఆ పని ఒక్కసారి చేస్తే ఇక నిజం రాయరు. మర్నాడు తరగతిలో ఒక విషయమైనా చెప్పండి: "మీలో కొందరు నేను కొందరినే అడుగుతున్నానని రాశారు. నేను లెక్కచూసుకున్నాను, నిజమే. ఈ వారం నుంచి పేర్ల చీటీలు తీసి అడుగుతాను." అడిగిన దానివల్ల ఏదో మారిందని పిల్లలు కళ్లారా చూడాలి. ఎవరైనా కొట్టడం, బెదిరించడం వంటి సంగతి రాస్తే మాత్రం దాన్ని వారం చివరి దాకా ఉంచకండి. ఆ రోజే ప్రధానోపాధ్యాయులకు చెప్పండి.

స్నేహాల సంగతి తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. జేకబ్ మోరెనో 1930 దశకంలో రూపొందించిన పద్ధతి అది. "గ్రూపు పనికి ఏ ఇద్దరితో కూర్చోవడం ఇష్టం?" అని ప్రతి పిల్లనూ విడిగా అడిగి, పేర్ల మధ్య బాణాలు గీస్తే తరగతిలోని స్నేహాల వల కనిపిస్తుంది. ఎవరి వైపూ బాణం రాని పిల్లలు కూడా కనిపిస్తారు. "ఎవరితో ఇష్టం లేదు?" అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్న అడగడంతోనే గాయం చేస్తుంది. వచ్చిన జవాబులు మీ దగ్గరే ఉండాలి. బాణం రాని పిల్లను, మృదువుగా ఉండే ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, ఆ పిల్లకు బాగా వచ్చిన పనినే ఆ గ్రూపుకు ఇవ్వండి.

ఆరో అడుగు: తప్పు జరిగిన క్షణం

సంస్కృతి అంతా ఇక్కడే బయటపడుతుంది. ఒక పిల్లవాడు "ఏడెనిమిదులు యాభై నాలుగు" అన్నాడు. వెనక నుంచి నవ్వు. అప్పుడు మీరేమన్నారు? రికార్డులో దొరికిన ఇలాంటి క్షణాలను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. నా రికార్డులో "అంత తేలిక కూడా రాదా?" అన్న మాట విన్నాను. నేనే అన్నాను. అన్నట్టు గుర్తే లేదు. ఆ తర్వాత ఐదు నిమిషాల పాటు ఎవరూ చేయెత్తలేదు. ఒకరిని మందలిస్తే చూస్తున్న మిగతా పిల్లల ప్రవర్తన కూడా మారడాన్ని జేకబ్ కూనిన్ అనే పరిశోధకుడు అలతో పోల్చారు. చెరువులో రాయి వేసినచోటే నీళ్లు కదిలి ఊరుకోవు.

దానికి బదులు అనదగిన మాటలను నోటు పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే ఆ క్షణంలో పాత మాటే నోటికి వస్తుంది. "అదెలా వచ్చిందో చెప్పు, విందాం." "యాభై నాలుగు ఏ లెక్కకు జవాబవుతుంది?" "ఈ తప్పు వల్ల మనకొక విషయం తెలిసింది." నవ్విన పిల్లలను అరిచి ఆపితే నవ్వు చాటుకు వెళుతుంది. "మన గదిలో ఆలోచిస్తున్నవాళ్లను నవ్వం" అని నెమ్మదిగా, ప్రతిసారీ, ఒకే మాటగా చెప్పాలి. నెలలు పడుతుంది. మీరు బోర్డు మీద తప్పు రాసి పిల్లలు పట్టుకున్నప్పుడు ఏం చేస్తారో వాళ్లు ఇంకా శ్రద్ధగా చూస్తారు. సంతోషంగా ఒప్పుకుని దిద్దితే వంద ఉపదేశాలకంటే ఎక్కువ పని చేస్తుంది.

మెచ్చుకోలు కూడా వినండి. 1998లో మ్యూలర్, డ్వెక్ అనేవాళ్లు ఐదో తరగతి పిల్లలతో జరిపిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన చిక్కు ప్రశ్నలు ఎదురవగానే తొందరగా వదిలేశారు, కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదలలేదు. "నువ్వు చాలా తెలివైనదానివి" అనే చోట "రెండో దారి కూడా వెతికావు" అనండి. అయితే పిల్ల నిజంగా చేసిన పనినే మెచ్చుకోవాలి. చేయని శ్రమకు మెచ్చుకుంటే పిల్లలు ఇట్టే కనిపెడతారు.

ఏడో అడుగు: రాసుకోవడం

పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటిది: చూసింది, విన్నది. రెండోది: నేననుకున్న కారణం. మూడోది: ఇంకే కారణం ఉండవచ్చు? ఈ మూడో గడే ఆత్మపరిశీలనకు ప్రాణం. "నలుగురు పని మొదలుపెట్టలేదు" అన్నది మొదటి గడి. "బద్ధకం" అన్నది రెండో గడి. "ఏం చేయాలో అర్థం కాలేదేమో, నేను మూడు సూచనలు ఒకేసారి ఇచ్చాను, బోర్డు మీద ఎండ పడుతోందేమో" అన్నది మూడో గడి. మూడో గడిలో కనీసం రెండు కారణాలు రాయనిదే పేజీ తిప్పకూడదన్న నియమం పెట్టుకోండి. నిందను పిల్లల మీదికో, మన మీదికో తోసేయడం చాలా సులువు. రెండు నిందలూ ఆలోచనను ఆపేస్తాయి.

డొనాల్డ్ షాన్ 1983లో వృత్తి నిపుణుల ఆలోచన గురించి రాస్తూ, పని జరుగుతుండగా చేసే ఆలోచనను, పని ముగిశాక చేసేదాన్ని వేరుచేశారు. మనం రాసుకునేది రెండోది. రాసే కొద్దీ మొదటిది పదునెక్కుతుంది. మూడో గడి అలవాటైన టీచరుకు పాఠం మధ్యలోనే "ఆగు, సూచన మళ్లీ చెప్పాలి" అని తడుతుంది.

ఎనిమిదో అడుగు: ఒక్కటే మార్చి, మళ్లీ లెక్కపెట్టడం

అన్నీ ఒక్కసారి మార్చాలనిపిస్తుంది. ఒక్కటే మార్చండి, రెండు వారాలు దాన్నే నడపండి, అదే పటంతో మళ్లీ లెక్కపెట్టండి. ఏం మార్చాలో తోచకపోతే వీటిలో ఒకటి తీసుకోండి.

- చేతులెత్తమనకుండా పేర్ల చీటీలు తీసి అడగడం. తెలియకపోతే "తర్వాత చెబుతాను" అనే హక్కు పిల్లలకు ఉండాలి, మనం తర్వాత తప్పక వాళ్ల దగ్గరికి రావాలి.
- ప్రశ్న అడిగాక అర నిమిషం ఒంటరిగా ఆలోచించడం, పక్కవారితో ఒక నిమిషం మాట్లాడటం, తర్వాత అందరితో పంచుకోవడం. ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన ఈ పద్ధతి ఆరేళ్ల పిల్లలతో కూడా నడుస్తుంది. సిగ్గరి పిల్లలకు ఇంతకంటే మంచి మెట్టు నేను చూడలేదు.
- సూచన ఒకసారి ఒకటే ఇచ్చి, ఒక పిల్ల చేత తిరిగి చెప్పించడం.

మొదటి వారం అంకెలు తగ్గవచ్చు. కొత్త పద్ధతికి పిల్లలు తడబడతారు, గోల పెరుగుతుంది. పక్క గది టీచరు తొంగి చూస్తారు. ఆ వారంలోనే వదిలేసినవాళ్లు చాలామంది. పక్కవారితో మాట్లాడే గోలను, తోచక చేసే గోలను వేరుచేసి వినడం నేర్చుకోండి: రెండు బెంచీల మధ్య నిలబడి వింటే మాటలు పాఠం గురించేనా కాదా తెలిసిపోతుంది. రెండు వారాల తర్వాత కూడా అంకె కదలకపోతే ఆ మార్పును వదిలి ఇంకొకటి తీసుకోండి.

తోటి టీచరు ఒకరిని నెలకొకసారి పావుగంట వెనక కూర్చోమనండి. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు. "వెనక రెండు బెంచీలు ఏం చేస్తున్నాయో మాత్రమే రాయండి" అని పని అప్పగించండి. తర్వాత మీరు వాళ్ల తరగతిలో కూర్చోండి. చూసింది ఇద్దరి మధ్యే ఉండాలి.

సంవత్సరం చివర

పటాలన్నిటికీ తేదీలు వేసి వరసగా పెట్టుకోండి. జూన్, సెప్టెంబరు, జనవరి పటాలు పక్కపక్కన చూస్తే ఏ గడి ఎప్పుడు మేల్కొందో కనిపిస్తుంది. పిల్లలు పై తరగతికి వెళ్లేటప్పుడు ఈ పుస్తకంలోంచి ఏం అందించాలన్నది జాగ్రత్తగా తేల్చుకోవాలి. 1968లో రోసెంతాల్, జాకబ్సన్ ప్రచురించిన ప్రయోగంలో, లాటరీ తీసినట్టు ఎంచిన కొందరు పిల్లలు త్వరలో బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. ఏడాది తర్వాత ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల ప్రజ్ఞా పరీక్షల మార్కులు మిగతావాళ్లకంటే ఎక్కువ పెరిగాయి. ఆ అధ్యయనం పద్ధతుల మీద తర్వాత చాలా వాదాలు జరిగాయి గాని, టీచరు చెవిన పడిన మాట పిల్ల దాకా చేరుతుందన్న సంగతి బడిలో పని చేసిన ఎవరికైనా తెలుసు.

అందుకే తర్వాతి టీచరుకు నేను "మందకొడి", "అల్లరి", "ఇంట్లో పట్టించుకోరు" లాంటి మాటలేవీ ఇవ్వను. ప్రతి పిల్లకూ ఒక వాక్యం రాసి ఇస్తాను, అందులో పనికొచ్చిన ఉపాయం మాత్రమే ఉంటుంది: "ఈ అబ్బాయి ముందు పక్కవాడికి చెప్పి తర్వాత తరగతికి చెబుతాడు." "ఈ అమ్మాయికి ఐదు సెకన్లు ఇవ్వండి." కిటికీ పక్క అమ్మాయి గురించి రాసింది ఇది: "కళ్లజోడు పెట్టుకుందో లేదో ఉదయమే చూడండి. ప్రశ్నలు బాగా అడుగుతుంది."